అబ్బులు చెల్లెలు

“సింహాద్రికని అన్నం కాస్త మెత్తగా వండాను,” అంది ఇంద్రజ, క్యారేజీ గిన్నె మూత నొక్కుతూ.

గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్న సాయిశంకర్ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

“ఎవులికి?”

ఇంద్రజ నాలుక కరుచుకుంది. “అబ్బులికి.”

“మల్లీ అను.”

“అబ్బులికి.”

“అబ్బులు నీకేటవుతాడు?”

“అన్నయ్య.”

“అదీ. ఇంట్లో ఒకలాగ, ఆస్పత్రిలో ఒకలాగ అనుకున్నావనుకో, ఎప్పుడో ఒకప్పుడు నోరు జారిపోద్ది. ఇక్కడే అలవాటు సేసుకో.”

ఎక్కం తప్పిన పిల్ల చేత అప్పజెప్పించుకున్నట్టు అప్పజెప్పించుకుని, బైకు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. సాయిశంకర్ కేకలేసే రకం కాదు. పెళ్లయినప్పటినుంచి ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. అందుకే చుట్టాలందరి లెక్కలో ఇంద్రజ అదృష్టవంతురాలు. కోపం వచ్చినకొద్దీ అతని గొంతు తగ్గుతుంది. తగ్గి తగ్గి చివరికి ఏమంటున్నాడో తెలియాలంటే దగ్గరికి వెళ్లి, మెడ వంచి, ఊపిరి బిగబట్టి వినాలి. అరిచే మొగుడైతే పక్కవాటా వాళ్లకైనా వినపడును. ఈ గొంతు విన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

జరిగింది ఇది. సాయిశంకర్ లేబరు కంట్రాక్టరు. ఊరి చివర ఒక ఫ్యాక్టరీలో తుప్పు గీకి రంగులు వేసే పనికి మనుషుల్ని పంపిస్తాడు. గేటు దాటాలంటే ప్రతి మనిషికీ ఫొటో ఉన్న పాసు కావాలి. పాసు రావాలంటే డాక్టరు పరీక్ష చేసి సరే అనాలి. సింహాద్రికి చిన్నప్పటినుంచీ ఫిట్స్ ఉన్నాయి. రోజూ మాత్ర వేసుకుంటే మామూలు మనిషే గానీ, ఎత్తు మీద పనికి డాక్టరు ఒప్పుకోలేదు. అందుకని బయట గోడౌన్లో రంగు డబ్బాలు మోస్తూ ఉండేవాడు. ఈమధ్య అబ్బులు అనే పనివాడు అత్తారింట్లో శుభకార్యమని గోదావరి జిల్లా వెళ్లాడు. మనిషి తగ్గితే ఫ్యాక్టరీవాళ్లు ఊరుకోరు. ‘ఓ పూటే గదా’ అని అబ్బులు పాసు సింహాద్రి మెడలో వేసి పంపించేశాడు సాయిశంకర్. ఇందులో వింతేమీ లేదు, కంట్రాక్టు పనుల్లో ఒకడి పాసు మీద ఇంకొకడు వెళ్లడం మామూలే. హెల్మెట్టు కింద మొహాన్ని గేటు దగ్గర ఎవరు తేరిపార చూస్తారు? ఆ మధ్యాహ్నమే సింహాద్రి పరంజా మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, తలకి దెబ్బ తగిలింది. మెడలో పాసు చూసి ఆస్పత్రిలో అబ్బులు అని రాసుకున్నారు. ఇంక అప్పటినుంచి అతను అబ్బులే. బీమా అబ్బులు పేరున ఉంది. ఫ్యాక్టరీకి అసలు సంగతి తెలిస్తే కంట్రాక్టు ఊడిపోతుంది.

అసలు అబ్బులుకి, ఇప్పట్లో ఈ ఊరు రావద్దని కబురు వెళ్లింది. సింహాద్రి భార్య పైడితల్లికేమో, మీ ఆయన్ని అర్జంటుగా ఒడిశాలోని పారాదీప్ సైటుకి పంపించామనీ, లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరనీ చెప్పారు. ఇక మంచం పక్కన కూర్చోడానికి ఒక మనిషి కావాలి. మగవాణ్ణి పెడితే టీ కొట్టు దగ్గర వాగుతాడు. “నువ్వెల్లు. సెల్లెలినని సెప్పు. ఆడమనిషైతే ఎవులూ ఏటీ అడగరు. ఇంట్లో నీకు పనేటుంది గనక?” అన్నాడు సాయిశంకర్.

ఇంట్లో పనేటుంది గనక! వంట, అత్తగారి మోకాళ్లకి తైలం, కూతురు హేమశ్రీ ట్యూషన్ టిఫిను సరే, అవి ఏ ఇంట్లోనైనా ఉండేవే. పనివాళ్ల నీలం డ్రెస్సులన్నీ వారానికోసారి మూట కట్టి గాజువాకలోని ఈ ఇంటికే వస్తాయి. మిషనుంది కదా, లాండ్రీకెందుకు అని మొదలైంది ఆ పని. పెయింటు మరకలకి మిషనేం చేస్తుంది? కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్దాలి, ఆ వాసన పోయేదాకా మళ్లీ ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి. ఆమె చేతుల్లో పప్పు గరిటె కన్నా కిరసనాయిలు వాసనే ఎక్కువ. ఆ రోజు అబ్బులు డ్రెస్సు ఇస్త్రీ చేసి సింహాద్రి చేతికి ఇచ్చింది కూడా తనే. “మాత్రేసుకున్నావా?” అని అడిగింది. “ఏసుకున్నానక్కా,” అని నవ్వాడు. మాత్ర సంగతి అడగడానికి వచ్చిన నోరు, వెళ్లొద్దు అనడానికి ఎందుకు రాలేదు?

ఆస్పత్రిలో “అబ్బులు తాలూకు ఎవరమ్మా?” అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆమె లేవడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలో అందరూ తనవైపే చూస్తున్నారనిపిస్తుంది. వాచ్‌మన్ రెండుసార్లు అటే నడిస్తే పోలీసులకి చెప్పడానికి వెళ్తున్నాడనుకుంది. ఎదురు మంచం ముసలాయన కూతురు “మీదే ఊరండి?” అని అడిగితే, అబ్బులుది గోదావరి జిల్లా కదా, ఏ ఊరో తెలియక, నీళ్లు తెచ్చుకుంటానని బాటిల్ పట్టుకుని బయటికొచ్చేసింది. బాటిల్ నిండుగానే ఉంది.

ఆ రోజు నర్సు సెలైన్ మారుస్తుంటే సింహాద్రి కళ్లు మూసుకునే మూలిగాడు. “పైడీ... ఓ పైడీ...”

“పైడి ఎవరమ్మా? వాళ్లావిడా?” అంది నర్సు.

అబ్బులు పెళ్లాం పేరు పైడి కాదు. “పైడితల్లమ్మండి,” అనేసింది ఇంద్రజ. “మా ఇలవేల్పు. అమ్మవారిని తలుచుకుంటున్నాడు.”

“అయ్యో పాపం. తల్లే చూసుకుంటుందిలే,” అని నర్సు సెలైన్ స్టాండుకే ఒక దణ్ణం పెట్టి వెళ్లింది.

అబద్ధం ఇంత తేలిగ్గా, ఇంత అందంగా తన నోట్లోంచి వస్తుందని ఇంద్రజ ఎన్నడూ అనుకోలేదు. భర్త నేర్పింది కూడా కాదిది, సొంతంగా అల్లింది. ఆమెకి తన మీదే భయమేసింది.

నర్సు వెళ్లాక సింహాద్రి కళ్లు తెరిచాడు. “అక్కా, పైడికి తెలుసునా?”

ఆమె ముందు తలుపు వైపు చూసింది. “తెలుసులే. తొంగో.”

“మరి రాదేటి?” అన్నాడు. తరవాత తనే, “నా పేరు సెప్పొద్దన్నాడు శంకరన్న. సెప్తే వైద్యం ఆపీసి బయట పడీస్తారంట. నాను సెప్పన్లే అక్కా. నువ్వు భయపడకు,” అని మళ్లీ మగతలోకి జారిపోయాడు.

ఎముక విరిగి పడున్నవాడు తనని భయపడొద్దంటున్నాడు. ఇంద్రజ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కాసులమ్మ పక్కవాటా ఆవిడతో ఎండాడలో కొన్న ఫ్లాటు గురించి చెబుతోంది. పదో అంతస్తు, బాల్కనీలో నిలబడితే సముద్రం, పూజగదికి పాలరాయి. వచ్చే నెల గృహప్రవేశం. ఫ్యాక్టరీ కంట్రాక్టు ఈ ఏడాది కూడా మళ్లీ చేతికొస్తేనే ఆ గోడలన్నీ నిలబడతాయని ఇంట్లో అందరికీ తెలుసు. “మా కోడలికా? దానికేటీ అక్కర్లేదమ్మా,” అంది కాసులమ్మ, ఇంద్రజని చూసి మెచ్చుకోలుగా. “ఉన్న సీరే కట్టుకుంటాది, పెట్టిందే తింటాది. ఒక గొలుసడిగింది నేదు ఇప్పటిదాకా. ఒట్టి సన్నాసి.”

ఈ మాట ఇంద్రజ చాలాసార్లు విన్నదే. మొదట్లో బాగానే ఉండేది. నిజమే, ఆమెకి నగల మోజు లేదు. తక్కువలో గడుపుకోవడం ఆమెకి ఇష్టం, అందులో ఏదో నిశ్చింత ఉంది. ఆనందపురంలో వాళ్లమ్మ బంతిపూలు పండించి మార్కెట్లో అమ్మేది. తూకం రావాలని అందరూ పూల మీద నీళ్లు కుమ్మరించేవాళ్లు. అమ్మ చిలకరించేది కూడా కాదు. తక్కువకే అమ్మి, ఆ తక్కువతోనే ఇల్లు నడిపి, రెండు చీరలతో ఏడాది గడిపేది. ఇంద్రజకి ఆ బతుకే తెలుసు, అదే నచ్చింది. కానీ ఈ ఇంట్లో ఆ నచ్చడం ఎలా మారిందంటే, ఏమీ అడగని మనిషిని ఏమీ అడగక్కర్లేదని అందరూ తీర్మానించేసుకున్నారు. ఫ్లాటు కొనేటప్పుడు అడగలేదు. మర్రిపాలెం స్కూల్లో రెండో తరగతి పిల్లలకి చెప్పే ఉద్యోగం మానిపించేటప్పుడు అడగలేదు. వద్దనుకున్నది చీరల్ని. నోరు కూడా వద్దనుకుందని వాళ్లెందుకు అనుకున్నారో, తను ఎందుకు అనుకోనిచ్చిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం మెట్ల మీద చప్పుడైంది. పైడితల్లి. కంచరపాలెం నుంచి బస్సులో వచ్చినట్టుంది, మొహమంతా చెమట. రమ్మంటే లోపలికి రాలేదు, పై మెట్టు మీదే కూచుంది.

“శంకర్ బాబున్నాడేటక్కా?”

“లేరు. ఏం పైడీ?”

“ఈడు మాత్రలట్టుకెల్లనేదక్కా.” కొంగుముడి విప్పి ఫిట్స్ మాత్రల అట్ట తీసింది. “బట్టలు కూడా అట్టుకెల్లనేదు, అలగే పోనాడు. బట్టల్దేటుంది, ఎవుడివో కట్టుకుంటాడు. మాత్రలెవులిత్తారు? రొండ్రోజులు మానీస్తే సాలు, పడిపోతాడు. పారాదీపులో ఏ సైటో సెప్పక్కా, నాను రైలెక్కి ఇచ్చీసి వచ్చీస్తాను.”

ఇంద్రజ ఏదో అనబోయేలోగా వెనకనుంచి హేమశ్రీ వచ్చింది, చేతిలో పుస్తకం.

“లోపలికి రానివ్వరు ఆంటీ. నాన్న రేపు అటు వెళ్తున్నారు కదా, ఇచ్చేస్తారులే. సింహాద్రి అంకుల్ నిన్ననే నాన్నతో మాట్లాడారు, బాగున్నారంట. మిమ్మల్ని అడిగారంట,” అంది ఆ పిల్ల, నవ్వుతూ, తడుముకోకుండా.

పైడితల్లి మొహం వికసించింది. “నన్నడిగాడా?” అని, మాత్రల అట్ట హేమశ్రీ చేతికి కాక ఇంద్రజ చేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చేతిని మూసింది. “నీ సేతికిత్తన్నానక్కా. నువ్వైతే మరిసిపోవు.”

ఆమె మెట్లు దిగి వెళ్లాక ఇంద్రజ కూతురి వైపు తిరిగింది. “అలా చెప్పమని నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. నువ్వు తడబడతావని నాన్న అన్నారు. అందుకే నేను కవర్ చేశాను,” అంది హేమశ్రీ గర్వంగా. మళ్లీ పుస్తకంలో పడిపోయింది. పదో తరగతి పిల్ల. ఒక ఆడదాని మొగుణ్ణి ఇంకో రాష్ట్రానికి పంపించి, అక్కడ అతని చేత మాట్లాడించి, లెక్కలు చేసుకుంటోంది. ఇంద్రజ ఆ పిల్ల జడ వైపు చూసింది. ఇన్నాళ్లూ తన భయమంతా మొగుడి గొంతు గురించీ, పోలీసుల గురించీ. ఈ కొత్త భయం వాటికి మించి ఉంది.

సాయిశంకర్ రాగానే మాత్రల అట్ట చూపించింది. “ఇవి లేకపోతే ఫిట్స్ వస్తాయండీ. డాక్టరుతో ఒక్క మాట చెబితే...”

“అబ్బులికి ఫిట్స్ లేవు,” అన్నాడు అతను. “ఫ్యాక్టరీ డాక్టరు సూసి రాసినాడు, లేవని. ఇప్పుడు ఉన్నాయంటే ఎవుడీడు అంటారు.”

“మనిషి ప్రాణం కదండీ.”

అతను దగ్గరికొచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గింది. ఇంద్రజ అలవాటుగా మెడ వంచింది.

“ఇంద్రా, లైసెన్సు ఎవులి పేరునుంది? ఇంద్రజ ఎంటర్‌ప్రైజెస్. నాను అందులో ఎవుణ్ణి? ఎవుణ్ణీ కాను. పోలీసులొస్తే ముందు ఎవుల్ని పిలుస్తారు? ఆస్పత్రిలో సెల్లెలినని సంతకం ఎట్టింది ఎవులు? నాను నీ మంచికే సెప్తన్నాను. హేమ మొహం సూడు ఒకసారి. దాని అమ్మ జైల్లో ఉందంటే దాని గతేటి?” చెయ్యి ఆమె భుజం మీద వేశాడు, ఆప్యాయంగానే. “ఒకట్రెండు వారాలు. తరవాత ఆడికి నాను ఏదో సూస్తాను. నాను రాక్షసుణ్ణా?”

భార్య పేరున లైసెన్సు తీసుకున్న రోజు అందరికీ లడ్డూలు పంచాడు. ఇంద్రజ ఎంటర్‌ప్రైజెస్ అని బోర్డు రాయించి, దాని ముందు ఆమెని నిలబెట్టి ఫొటో తీశాడు. ఆడవాళ్ల పేరైతే పనులు బేగి వస్తాయని ఎవరో చెప్పారట. ఆమె మాత్రం ఆ ఫొటో అమ్మకి చూపించి మురిసిపోయింది. ఆ బోర్డు తన మెడకి కట్టిన సంగతి ఇప్పుడు అర్థమైంది.

మర్నాటినుంచి ఇంద్రజ దొంగపని మొదలుపెట్టింది. ఇంట్లో మాత్రని పొడి చేసి కాగితంలో మడిచి జాకెట్లో దాచుకునేది. ఆస్పత్రిలో నర్సు అటు తిరగ్గానే చారన్నంలో కలిపి సింహాద్రికి తినిపించేది. చేతులు ఎంత వణికేవంటే సగం పొడి మంచం మీద పడేది. సెలైన్లో ఏ మందు పోతోందో, దానికీ దీనికీ పడుతుందో లేదో ఎవరిని అడగాలి? కాపాడుతున్నానో చంపుతున్నానో తెలియకుండానే ముద్దలు పెట్టింది. అతను మింగిన ప్రతిసారీ గుడ్లప్పగించి అతని పెదాలనే చూసేది, ఎక్కడైనా వంకర పోతాయేమోనని. అయినా ఆ పొడి కాగితం ఉన్నన్నాళ్లూ ఆమెకి ఒక ఆసరా ఉండేది. ఎవరికీ చెప్పక్కర్లేకుండా, ఎవరికీ కోపం రాకుండా మంచిపని చేసేస్తున్నానన్న ఆసరా. ఆడవాళ్లకి ఇళ్లల్లో బాగా అలవాటైన ఆసరా అది.

ఆపరేషన్ రోజు పొద్దున్న క్యారేజీతో వెళ్లేసరికి నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. “ఏమీ పెట్టకూడదమ్మా. నీళ్లు కూడా వద్దు. థియేటర్‌కి తీసుకెళ్తారు.”

జాకెట్లో కాగితం గుచ్చుకుంది. అంతలో మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే, కళ్లద్దాలు, తొందర.

“అబ్బులు చెల్లెలు మీరేనా? షుగర్ ఉందా ఇతనికి? బీపీ?”

“లేవండీ.”

“ఫిట్స్ గానీ, గుండె జబ్బు గానీ? రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?”

ఇంద్రజ నోరు తెరిచింది. కళ్ల ముందు బోర్డు, హేమ జడ, పోలీసు జీపు, తన భుజం మీద ఆ ఆప్యాయమైన చెయ్యి.

“ఏమీ లేవండీ,” అంది.

“సరే. మీరు చెప్పినదాన్ని బట్టే మేం మందు ఇస్తాం. తరవాత అది ఉంది, ఇది ఉంది అనకూడదు,” అని డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్లింది.

ఇంద్రజ వరండాలోకొచ్చి బెంచీ మీద కూలబడింది. ఫోను తీసింది, ఎవరికి చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టేసింది. ఇప్పుడు ఆ మనిషికి ఏమైనా అయితే చచ్చిపోయేది అబ్బులు. అసలు అబ్బులు గోదావరి జిల్లాలో బతికే ఉంటాడు కాబట్టి ఎవరూ చచ్చిపోనట్టే. పైడితల్లి మాత్రం ప్రతి వారం బస్సెక్కి వస్తుంది. వచ్చి పై మెట్టు మీద కూచుంటుంది. ఎండాడ వెళ్లిపోతే అక్కడికీ వస్తుంది, వాచ్‌మన్ లోపలికి పంపించడు. పదో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎంత చిన్నగా కనిపిస్తుందో!

చెబితే ఏం పోతుంది? భయం కొద్దీ ఇన్నాళ్లూ ఆ ఆలోచన మొదట్లోనే ఆపేసేది. ఈ రోజు ఆపలేదు. ఫ్లాటు పోతుంది. పోనీ, అది తనకెప్పుడు కావాలి కనక. పెళ్లిళ్లకీ పేరంటాలకీ తీసే కారు పోతుంది. అందులో ముందు సీట్లో కూర్చున్నది కాసులమ్మే. చుట్టాల్లో మర్యాద పోతుంది. జైలు మాట నిజమో అబద్ధమో తెలియదు, నిజమైతే అదీ తప్పదు. ఇల్లు పోవచ్చు, మొగుడు పోవచ్చు. అక్కడ గుండె గుభేలుమంది. ఒక గదిలో, ఒక పొయ్యితో, స్కూల్లో పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటూ బతకడం తనకొచ్చు, పుట్టినప్పటినుంచి వచ్చిన విద్య అదొక్కటే. ఇన్నాళ్లూ తనని భయపెడుతున్నది తనకి అక్కర్లేని వస్తువులన్నీ కలిసి. అక్కర్లేనివి పోతాయని ఒక మనిషి ప్రాణం తియ్యడానికి తయారైందా తను? ఇక హేమ. హేమ విషయంలో ఆమెకి ఏ ధైర్యమూ రాలేదు. ఆ పిల్ల తనని అసహ్యించుకోవచ్చు, తండ్రి దగ్గరే ఉంటాననవచ్చు. కానీ నవ్వుతూ అబద్ధమాడిన ఆ మొహం గుర్తొచ్చింది. ఈ రోజు తను ఊరుకుంటే ఆ మొహం ఇక అలాగే ఉండిపోతుంది.

అమ్మకి భయం ఉండేది కాదని చిన్నప్పుడు అనుకునేది. ఉండే ఉంటుంది. పొడి పూల గంప ముందు పెట్టుకుని, చుట్టూ అందరూ నవ్వుతుంటే, ఆ చేతులు కూడా వణికే ఉంటాయి.

లోపల స్ట్రెచర్ చక్రాల చప్పుడైంది. ఇంద్రజ లేచింది. లేవడమే కష్టమైంది, తరవాత కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి.

“డాక్టరుగారూ, ఆపండి! ఒక్క నిమిషం ఆపండి!”

డాక్టరమ్మ విసుగ్గా తిరిగింది. “ఏంటమ్మా?”

“ఇతనికి ఫిట్స్ ఉన్నాయండీ. చిన్నప్పటినుంచీ. ఇవీ మాత్రలు.” జాకెట్లోంచి కాగితం, సంచీలోంచి అట్ట తీసింది. “నాలుగు రోజులుగా అన్నంలో కలిపి పెట్టాను. ఈ రోజు పెట్టలేదు. దానికి ముందు కొన్నాళ్లు అసలేసుకోలేదు.”

“ఇందాక లేవన్నారు కదా! చెల్లెలై ఉండి మీకు తెలీదా?”

“నేను చెల్లెల్ని కాదండీ. ఇతను అబ్బులూ కాదు. పేరు సింహాద్రి.”

స్ట్రెచర్ తోసే మనిషి చేతులు తీసేశాడు. నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది. పైడితల్లమ్మ అబద్ధం ఆమెకిప్పుడు గుర్తొచ్చే ఉంటుంది.

“మరి మీరెవరు?” అంది డాక్టరమ్మ.

ఇక్కడ, మా ఆయన అని మొదలుపెట్టవచ్చు. మా ఆయన చెప్పమన్నాడు, నాకేం తెలియదు అనవచ్చు. అంటే అందరూ నమ్ముతారు కూడా. ఇంద్రజ స్ట్రెచర్ కమ్మీ పట్టుకుంది.

“వేరేవాళ్ల పాసు మీద ఇతన్ని పనిలోకి పంపిన కంట్రాక్టర్నండీ. లైసెన్సు నా పేరునే ఉంది.”

“ఇది పోలీసులకి చెప్పాల్సిన విషయం. తెలుసా మీకు?”

“తెలుసండీ. చెప్పండి.” గొంతు పీలగా వచ్చింది, అయినా వచ్చింది. “వైద్యం మాత్రం ఆపకండి.”

“వైద్యం ఎవరాపుతారమ్మా? ముందు ఈ మందుల సంగతి చూడాలి, తరవాతే ఆపరేషన్,” అని డాక్టరమ్మ అట్ట తీసుకుని చదివింది. ఆమె మొహంలో విసుగు పోయి ఇంకేదో వచ్చింది. “ఇతనికి సొంతవాళ్లెవరూ లేరా?”

“భార్య ఉందండీ. తీసుకొస్తాను.”

మెట్లు దిగుతుండగానే ఫోను మోగింది. సాయిశంకర్. ఆస్పత్రినుంచి ఎవరో అతనికి చెప్పినట్టున్నారు. ఎత్తింది.

“ఆపరేషన్ ఆపీసినారంట. ఏటి సేసావు?” గొంతు ఎంత తగ్గిందంటే రోడ్డు మీద లారీల రొదలో సగం వినపడలేదు. మొదటిసారిగా ఆమె మెడ వంచి వినే ప్రయత్నం చెయ్యలేదు.

“సెప్పీసానండీ. అంతా.”

“ఇంటికి రా,” అన్నాడు.

ఇంటికి వెళ్లాలి. తప్పదు, హేమ అక్కడే ఉంది. “వస్తాను. నాకు కంచరపాలెంలో పనుంది,” అని పెట్టేసి ఆటో పిలిచింది. దారంతా ఆటో కమ్మీని వదల్లేదు. వెనక బైకు హారన్ వినిపించినప్పుడల్లా అతనేనని ఉలిక్కిపడింది. జ్ఞానాపురం దగ్గర ట్రాఫిక్ ఆగితే ఊపిరాడలేదు. ధైర్యం వచ్చాక భయం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. అది ఎక్కడికీ పోలేదు, ఆటోలో ఆమె పక్కనే కూర్చుని వచ్చింది.

రైలు పట్టాల పక్క సందులో పైడితల్లి ఇంటి ముందు కూచుని చేపలు తోముతోంది. ఇంద్రజని చూసి గబగబా చేతులు కడుక్కుని, చెంగుతో ముక్కాలిపీట తుడిచి వేసింది.

“కూకో అక్కా! ఇంత ఎండలో నువ్వొచ్చినావేటి? పారాదీపునుంచి ఫోనొచ్చిందేటి? మాత్రలందినాయంటనా?”

ఇంద్రజ కూర్చోలేదు. పైడితల్లి కళ్లలోకే చూసింది.

“పైడీ, మీ ఆయన పారాదీపు ఎల్లనేదు. ఈ ఊర్లోనే ఉన్నాడు, ఆస్పత్రిలో. బతికే ఉన్నాడు. నీకు తెలీకుండా దాసినదాన్ని నానే. బయల్దేరు.”